వేసవిలో కోళ్లకు మంచినీరు

చలిదేశములలో శీతకాలము వచ్చినంతనే కోళ్లను పెంచు గృహిణులకు ఒక చిక్కు గలదు. రాత్రి తొట్టిలో పోసిన నీరు తెల్లవారుసరికి గడ్డకట్టిపోవును. నీరు ఎదుటనే యున్నను కోడి త్రాగలేదు. మన కనిగిరి సీమలో ఆ బాధ లేదు. కాని రోహిణికార్తెలో, మిట్టమధ్యాహ్నము, దొడ్డిలోని రేకుపళ్లెమున వ్రేలు ముంచి చూచిన సోదరీమణులకు మన చిక్కు తెలియకపోదు. ఆ నీరు కాగియుండును. కోడి ముక్కు ముంచి తొలగిపోవును. గడ్డకట్టిన నీరెట్టిదో కాగిన నీరును అట్టిదే.

కోడికి చెమట పట్టదు. దాని దేహోష్ణము సహజముగనే 41 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున నుండును. ఎండ 40 డిగ్రీలు దాటు దినములలో నోరు తెరచి రొప్పుచు, లోని తేమను ఆవిరిగా విడిచి ఒడలు చల్లార్చుకొనును. అట్లు పోయిన నీరు మరల చేరనిచో మొదట గ్రుడ్లు తగ్గును. పిదప ప్రాణమునకే ముప్పు. గ్రుడ్డులో నాలుగుపాళ్లకు మూడుపాళ్లు నీరే గదా!

“మనుష్యులకే నీరు చాలదు, కోళ్లకెక్కడిది?” అని కొందరందురు. మన భూగర్భజలములందు ఫ్లోరైడు అధికమగుటచే మంచినీటిని మోసియో కొనియో తెచ్చుకొను ఇండ్లు పెక్కు గలవు; కావున ఆ మాట త్రోసివేయదగినది కాదు. లెక్క చూతము. కోడికి మామూలు దినమున పావులీటరు, తీవ్రమైన ఎండలో అరలీటరు చాలును. పది కోళ్లకు అయిదు లీటర్లు. అనగా 15 లీటర్ల బిందెలో మూడవవంతు. గ్రుడ్ల సొమ్ము పెక్కు ఇండ్లలో ఇల్లాలు ఒకరిని అడుగక వాడుకొను సొమ్ము. దానిని నిలుపుకొనుటకు ఈ నీరు వ్యర్థమా?

రేకుపాత్ర మానుడు. మట్టి మూకుడు వాడుడు. దాని సన్నని రంధ్రములగుండ ఊరిన నీరు ఆవిరియగుచు లోని నీటిని చల్లబరచును. పాతబడి రంధ్రములు పూడిన మూకుడు ఊరదు, దానిని మార్చవలెను. మూకుడును ఇటుకపై నుంచినచో కోళ్లు గీరిన మన్ను పడదు. పిల్లలకు వేరొక లోతులేని మూకుడుంచి, అవి పడి మునుగకుండ గులకరాళ్లు వేయుడు. దినమునకొకసారి పాత్రను తోమవలెను. మురికినీటివలన తెగుళ్లు వ్యాపించును. గింజలు ఉదయసాయంకాలములందే చల్లుడు; మేత అరుగునపుడు ఒడలి వేడి హెచ్చును.

అన్నిటికంటె ముఖ్యము చోటు. ఉదయమున నీడగా నున్న చోట మధ్యాహ్నమునకు ఎండ పడును. పొలము పనికి పోవువారు తెల్లవారి నీడను నమ్మక, దట్టమైన వేపచెట్టు క్రిందనో పూరిపంచలోనో మూకుడుంచవలెను. మధ్యాహ్నము నీరు మార్చు పనిని వేసవి సెలవులలో ఇంటనుండు పిల్లలకు, ఆడమగ భేదము లేక, అప్పగింపవచ్చును. ఒక చెంబెడు చల్లని నీరు, సకాలమున పోసినదై, దొడ్డిని కాపాడును.