సాకెట్టు మారిన వేగము పెరుగునా?

కంప్యూటర్ల కొనుగోలు ప్రస్తావన వచ్చినప్పుడెల్ల ప్రాసెసరు పేరును, దాని వేగమును మాత్రమే మనము విచారించుచున్నాము. ఆ ప్రాసెసరును మదర్‌బోర్డుపై నిలుపు సాకెట్టును గూర్చి అడుగువారు అరుదు. అరకు, అనంతగిరి, పాడేరు వంటి మన్యప్రాంతములలోని విద్యాలయములకు ఈ చిన్న విషయమే పెద్ద వ్యయమునకు కారణము కాగలదని మా అభిప్రాయము.

సాకెట్టు స్వయముగా ఏ లెక్కయు చేయదు. ప్రాసెసరునకు విద్యుత్తు నందించి, మెమరీతోను తక్కిన భాగములతోను దానిని కలుపు పీఠము మాత్రమే అది. క్రొత్త సాకెట్టు క్రొత్త తరపు మెమరీకి దారి తీయును. కాని వేగమునకు హామీ ఈయదు. 2024 అక్టోబరులో ఇంటెల్ సంస్థ 1851 సాకెట్టును విడుదల చేసినది. దానిపై వచ్చిన ప్రాసెసర్లు అనేకములైన ఆటల పరీక్షలలో, అంతకు ముందరి 1700 సాకెట్టు ప్రాసెసర్లకంటె వెనుకబడినవి.

సాకెట్టు నిజముగా నిర్ణయించునది యంత్రముయొక్క ఆయుర్దాయము. 2017లో కొన్న ఎ.ఎం.4 బోర్డులలో పెక్కింటిపై, బయోస్ నవీకరించిన పిదప, 2022 నాటి ప్రాసెసరును సైతము అమర్చుకొన వీలైనది. ఇందుకు భిన్నముగా, 2015 నాటి ఇంటెల్ 1151 బోర్డులు, స్పర్శబిందువుల సంఖ్య ఒకటేయైనను, 2017లో వచ్చిన ఎనిమిదవ తరపు ప్రాసెసర్లను స్వీకరింపలేదు. విండోస్ 11 ఆ ఎనిమిదవ తరము మొదలుకొనియే ఇంటెల్ ప్రాసెసర్లను సాధారణముగా అంగీకరించుచున్నది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు ఉచిత మద్దతు ముగియగా, అట్టి బోర్డులు గలవారికి ప్రాసెసరుతోపాటు బోర్డును కూడ మార్చవలసిన అగత్యము కలిగినది.

పట్టణములో ఇది డబ్బు నష్టము మాత్రమే. మన్యములో కాలనష్టము కూడ. అరకు లోయకు విశాఖపట్టణము నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ఒక బోర్డు తెచ్చుటకు ఘాట్ రోడ్డు దిగి యెక్కవలెను. ఆ యంత్రము మూలబడిన దినములలో ప్రాక్టికల్సు కోల్పోవునది ఇంట కంప్యూటరు లేని గిరిజన విద్యార్థియే.

క్రొత్త సాకెట్టు కొన్నచో పదేండ్లకు నిశ్చింత యని కొందరనుచున్నారు. అది సరికాదు. 2020లో వచ్చిన 1200 సాకెట్టు రెండు తరముల ప్రాసెసర్లతోనే ముగిసినది. కావున క్రొత్తదనము కాదు, తయారీదారు ఇచ్చిన మాట ముఖ్యము. ఎ.ఎం.5 సాకెట్టును 2027 వరకును, ఆ పైనను కొనసాగింతుమని ఎ.ఎం.డి. సంస్థ 2024లో ప్రకటించినది. అయితే బోర్డు తయారీదారు బయోస్ నవీకరణ ఈయనిచో ఆ మాటయు నిష్ఫలమే.

ఉర్దూ, తెలుగు పుటలు కూర్చుటకు, ప్రోగ్రాములు నేర్చుటకు నేటి అత్యున్నత ప్రాసెసరు అక్కరలేదు. అనంతగిరి ఘాట్‌లో క్రొత్త బస్సైనను మలుపు అనుమతించిన వేగముతోనే పోవును. పాత హార్డ్ డిస్కు గల యంత్రముయొక్క గతియు అంతియే. దాని స్థానమున ఎస్.ఎస్.డి. అమర్చి, మెమరీ పెంచినచో అనేక పాత యంత్రములు చురుకుగా పనిచేయును.

కావున కళాశాల పాలకవర్గమువారికి మా మనవి ఇది: ధరల పట్టికలో ప్రాసెసరు పేరు ప్రక్కన సాకెట్టు పేరును, బయోస్ నవీకరణ హామీని, ఖాళీ మెమరీ స్థానముల సంఖ్యను తప్పక వ్రాయించుకొనవలెను. ఆ మూడును తెలియనిదే కొనుగోలు పత్రముపై సంతకము చేయరాదు.