బిల్లులో కొత్త పార్టు, బండికి ఏ పార్టు?

కారు ఎక్కడైనా గుద్దుకుంటే మనకి ముందు గుర్తొచ్చేది ఇన్సూరెన్స్. "క్లెయిమ్ ఉంది కదా, మనదేం పోయింది" అనుకుంటాం. షెడ్డుకి తోలి, తాళాలిచ్చి, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టి ఇంటికొచ్చేస్తాం. కొన్ని రోజులకి ఫోనొస్తది. కడిగి తుడిచి మెరిపించిన కారు చేతికిస్తారు. లోపల ఏం బిగించారో మనం చూడం, ఇన్సూరెన్స్ కంపెనీ చూసిందనుకుంటాం. కంపెనీయేమో సర్వేయరు చూశాడంటది. సర్వేయరు చూసింది ఏం పగిలిందో, ఏం మార్చాలో. మరి మార్చాక చూసిందెవరు? చాలాసార్లు ఎవరూ చూడలేదు. ఈ ఖాళీ జాగాలోనే అసలు కథ నడుస్తది.

మా తిరువూరు ఎన్‌హెచ్ 30 మీద ఉంది. పొద్దస్తమానం లారీలు, మామిడికాయల సీజన్‌లో ట్రాక్టర్లు, ఆటోలు, పెళ్లిళ్ల కార్లు. దెబ్బలు తగలని వారం ఉండదు. చిన్న గీతలైతే ఊళ్లో షెడ్డులో అయిపోద్ది. క్యాష్‌లెస్ క్లెయిమ్ అయితే మాత్రం బండి బెజవాడ పోవాల్సిందే. డెబ్బై, ఎనభై కిలోమీటర్ల దూరం. పనులు మానుకుని రోజూ ఎవరు పోయి చూస్తారు? మనం దగ్గర లేకపోవటమే కొందరికి పెట్టుబడి.

ముందు లెక్క అర్థం చేసుకుందాం తమ్ముళ్ళూ. మామూలు ఫుల్ ఇన్సూరెన్స్‌లో కంపెనీ మొత్తం డబ్బు ఇవ్వదు, తరుగుదల కోస్తది. ప్లాస్టిక్, రబ్బరు, నైలాన్ పార్టులకి, టైర్లకి, బ్యాటరీకి, ఎయిర్‌బ్యాగులకి సగం కోత. ఫైబర్ గ్లాస్ పార్టుకి 30 శాతం. అద్దాలకి కోత లేదు. ఇనుప పార్టులకి బండి వయసుని బట్టి. మొదటి ఆరు నెలలు కోత ఉండదు, ఏడాది లోపు 5 శాతం, ఆ తర్వాత పెరుక్కుంటా పోయి, అయిదేళ్లు దాటితే 40, పదేళ్లు దాటితే 50 శాతం. దీనికి తోడు ప్రతి క్లెయిముకీ 1500 సీసీ లోపు కారుకి 1000 రూపాయలు, ఆ పైన అయితే 2000 మన జేబులోంచి తప్పనిసరి.

ఉదాహరణకి బంపర్ ఖరీదు 8000 అనుకుందాం. అది ప్లాస్టిక్. కంపెనీ ఇచ్చేది 4000, మన వాటా 4000. ఇక్కడ షెడ్డాయన చెవిలో ఒక మాట చెప్తాడు. "నీ వాటా సంగతి నేను చూస్కుంటాలే, నువ్వు సంతకం పెట్టు." మనకి బెల్లం ముక్క నోట్లో పెట్టినట్టుంటది. ఆయన చేసేది ఏంటంటే, పగిలిన బంపర్‌నే అతికించి రంగేస్తాడు, లేకపోతే తక్కువ ధర లోకల్ పార్టు బిగిస్తాడు. బిల్లు మాత్రం కొత్త కంపెనీ బంపర్‌కి. ఇన్సూరెన్స్ డబ్బు ఆయనకి మిగిలింది, మన వాటా మనకి మిగిలింది. అందరూ బాగున్నారు, బండి తప్ప.

జీరో డెప్ తీసుకున్నవాళ్లకి ఇంకో తరహా. కోత లేదు కాబట్టి వాళ్ల చెయ్యి బిల్లు మీదకే పోదు. "మొత్తం కంపెనీయే కడతది కదా" అని ధీమా. ఎక్కువ ప్రీమియం కట్టిందీ వాళ్లే, చూడకుండా వదిలేసేదీ వాళ్లే.

అందులో మన నష్టం మూడు రకాలు. ఒకటి, క్లెయిమ్ పెట్టిన ఏడాది మన నో క్లెయిమ్ బోనస్ పోద్ది. ఏడాదికి 20 శాతంతో మొదలై అయిదేళ్లకి 50 శాతం దాకా పెరిగే రాయితీ అది. కొత్త పార్టు కోసం దాన్ని వదులుకుని పాత పార్టుతో ఇంటికొచ్చామన్న మాట. రెండు, తప్పుడు బిల్లు మీద మన సంతకం ఉంది. రేపు కంపెనీ పట్టుకుంటే క్లెయిమ్ కొట్టేస్తది, అప్పుడు షెడ్డాయన ఫోనెత్తడు. మూడోది ప్రాణానికి సంబంధించింది. బంపర్ పోతే పోయింది, బ్రేకులు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగు దగ్గర ఇదే చేస్తే?

ఒకసారి పేలిన ఎయిర్‌బ్యాగు మళ్లీ పనికిరాదు, మార్చాల్సిందే. మార్చకుండా కవరు మూసేసి, వార్నింగ్ లైటు వెలక్కుండా వైరింగ్‌లో కిటుకు చేసే మోసం చాలా దేశాల్లో దొరికింది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు గుర్తు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోయినా అనుమానమే, ఆరకపోయినా అనుమానమే.

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో జరిగిన కేసు ఒకటి మనం తెలుసుకోవాలి. వడగళ్లకి ఒక హోండా ఫిట్ కారు టాపు దెబ్బతింది. మన దగ్గర జాజ్ పేరుతో అమ్మిన బండే అది. రిపేరు చేసిన షెడ్డు కొత్త టాపుని హోండా చెప్పినట్టు వెల్డింగ్ చెయ్యలేదు, జిగురుతో అతికించింది. ఆ సంగతి తెలియని ఒక జంట ఆ కారుని సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్నారు. 2013లో యాక్సిడెంట్ అయ్యి, బండి నలిగి మంటలంటుకుని ఇద్దరూ తీవ్రంగా గాయపడ్డారు. 2017లో డల్లాస్ జ్యూరీ ఆ షెడ్డు వాటాగా 3 కోట్ల 10 లక్షల డాలర్లకి పైగా కట్టాలంది. రిపేరు చేయించుకున్నది ఒకరు, కాలింది ఇంకొకరు. నేను పట్టుకున్న పాయింటు అదే.

ఎందుకంటే మన పల్లెల్లో కుర్రాళ్లు కొనేది ఎక్కువగా సెకండ్ హ్యాండ్ కార్లే. ఫైనాన్స్ తీసుకుని, ఇంట్లో బంగారం పెట్టి, ట్యాక్సీ తిప్పుకుందామని కొంటారు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగిపోయింది. వేల బండ్లు నీళ్లలో ఉన్నాయి, ఇన్సూరెన్స్ క్లెయిములు పోటెత్తాయి. ఆ బండ్లలో బాగుచేసి మళ్లీ రోడ్డెక్కినవి ఉన్నాయి. నీళ్లు తాగిన వైరింగ్ మార్చారా, ఆరబెట్టి అదే పెట్టారా? ఆర్సీ చూస్తే ఓనరెవరో, ఫైనాన్స్ ఉందో లేదో తెలుస్తది. ఏ పార్టు మార్చారో తెలియదు. కొనేవాడికి అమ్మేవాడి మాటే ప్రమాణం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నేను మెకానిక్కుల మీద రాయట్లేదు. లోకల్ పార్టు అన్నదల్లా దొంగ పార్టు కాదు. కారు కంపెనీలు అన్ని పార్టులూ సొంతంగా చేసుకోవు. లుమాక్స్ లాంటోళ్లు లైట్లు చేసిస్తారు, బాష్ లాంటోళ్లు బ్రేకు సామాను, ఇంజిన్ సామాను చేసిస్తారు. అదే పార్టు కారు కంపెనీ డబ్బాలో వస్తే ఒక రేటు, తయారీదారు డబ్బాలో వస్తే ఇంకో రేటు. ఈ పార్టుల్ని బయట మార్కెట్లో దొరకనియ్యకుండా అడ్డం పడ్డారని 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకి పోయాయి, అది వేరే సంగతి. పెద్ద దోపిడీ పైనుంచి కూడా ఉందని గుర్తుపెట్టుకోవాలి. ఆటోనగర్‌లో నూనె చేతులతో బతికే వర్కరు ఈ ఆటలో చివరోడు. చవక పార్టు వెయ్యటం నేరం కాదు. ఒకటి వేసి ఇంకోటి రాయటం నేరం.

మరి మనమేం చెయ్యాలి? డిగ్రీలు అక్కర్లేదు, చేతిలో ఫోనుంటే చాలు.

షెడ్డుకి ఇచ్చే ముందే బండిని నాలుగు పక్కలా, బానెట్ ఎత్తి ఫోటోలు తియ్యండి. ఎస్టిమేట్ కాపీ అడగండి. ప్రతి పార్టు ఎదురుగా "మార్చాలి", "బాగుచెయ్యాలి" అని విడివిడిగా రాయించండి. కొత్త పార్టు వచ్చినప్పుడు డబ్బా ఫోటో పంపమనండి. దాని మీద పార్టు నంబరు, ఎమ్మార్పీ, తయారైన నెల ఉంటాయి. బిల్లులో నంబరు, డబ్బా మీద నంబరు ఒకటేనా చూడండి. విప్పిన పాత పార్టులు చూపించమనండి. బంపర్ మార్చామని చెప్పి పాత బంపర్ చూపించలేకపోతే అది ఎక్కడుందో మీకే అర్థమవుద్ది. అద్దం మారిస్తే మూలన ఐఎస్ఐ గుర్తు చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి పార్టుల మీద జీఎస్టీ 18 శాతం. ఇప్పటి బిల్లులో 28 కనిపిస్తే అడగండి. బండి తీసుకునేటప్పుడు పనితో తృప్తిపడ్డామని ఒక కాగితం మీద సంతకం అడుగుతారు. ముందు బండి, తర్వాత సంతకం. ఈ వరస తప్పొద్దు.

సర్వే రిపోర్టు కాపీ అడిగే హక్కు మీది. తేడా కనిపిస్తే బండి మళ్లీ తనిఖీ చెయ్యమని ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి, నోటిమాట వద్దు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, నచ్చకపోయినా ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. 50 లక్షల దాకా చూస్తారు, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ మీద కంప్లయింటుకి 155255, షెడ్డు మీద అయితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. 2019 చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు.

కానీ ఇదంతా ఒక్కొక్కరూ విడివిడిగా చేసే పోరాటం. అసలు చెయ్యాల్సినోళ్లు వేరే ఉన్నారు. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఉన్నది హైదరాబాద్‌లోనే. మోటారు పాలసీల, క్లెయిముల లెక్కలు పోగేసే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో కూడా అక్కడే. క్లెయిముతో మార్చిన ప్రతి పార్టు నంబరూ ఆ బండి నంబరు కింద ఎక్కాలి. ఓనరుకీ, రేపు ఆ బండి కొనేవాడికీ అది ఫోన్లో కనిపించాలి. బ్రేకు, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగు మారిస్తే బిగించాక తనిఖీ తప్పనిసరి కావాలి. మన ప్రీమియం ఒక్క రోజు ఆలస్యమైతే కనిపెట్టే కంప్యూటర్లకి, మన బండికి ఏ పార్టు వేశారో కనిపెట్టటం బరువేం కాదు.

అది వచ్చేదాకా ఎస్టిమేట్ కాపీ అడగటం మానొద్దు. "ఎందుకు తమ్ముడూ నీకు, కంపెనీ చూస్కుంటది" అంటారు. ఆ బండిలో ఎక్కేది కంపెనీ కాదు, మా అమ్మ అని చెప్పండి.