గోడలో నివురుగప్పిన నిప్పు
శీర్షిక: ఇల్లు - వాకిలి

చలికాలం వచ్చేసింది. అటకెక్కిన హీటర్లన్నీ మళ్ళీ గదుల్లోకి దిగుతున్నాయి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు బేస్‌మెంటులో పక్కలు సిద్ధమవుతున్నాయి. అందుకే ఈ సంచికలో కరెంటు గురించి కాసేపు మాట్లాడుకుందాం.

కరెంటు అనగానే మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి తెలిసిన భయం ఒక్కటే, షాక్. తడి చేత్తో స్విచ్చి ముట్టుకోవద్దు, వర్షంలో స్తంభం దగ్గరికి పోవద్దు, చెప్పుల్లేకుండా మోటారు వెయ్యొద్దు అని పెద్దవాళ్ళు వెయ్యిసార్లు చెప్పి పెంచారు. ఆ భయం మంచిదే, ఇక్కడా అవసరమే. కానీ అమెరికాలో అది సగం భయమే! మిగతా సగం నిప్పు. అక్కడ మనది ఇటుక గోడ, సిమెంటు కప్పు. ఇక్కడ చాలా ఇళ్ళ అస్థిపంజరం చెక్క. ఆ చెక్కల మధ్య నుంచే వైర్లు పోతాయి. ఎక్కడో ఒక స్క్రూ వదులైతే ఆ జాయింటు నెలల తరబడి మెల్లగా కాగుతూ ఉంటుంది. నివురుగప్పిన నిప్పు అంటే అచ్చంగా ఇదే.

120 ఓల్టుల లెక్క

ఇండియాలో ఇంటి కరెంటు 230 ఓల్టులు, ఇక్కడ 120. "సగమే కదా, ప్రమాదం కూడా సగమే" అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. 120 ఓల్టులు కూడా ప్రాణం తీయగలవన్న మాట అలా ఉంచండి. నిప్పు విషయంలో లెక్క తిరగబడుతుంది. 1500 వాట్ల హీటరు ఇండియాలో సుమారు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. అంతే వేడినిచ్చే హీటరు ఇక్కడ పన్నెండున్నర ఆంపియర్లు లాగుతుంది. ఓల్టులు తగ్గాయి కాబట్టి ఆంపియర్లు పెరిగాయన్నమాట. వైరు వేడెక్కడం ఆంపియర్ల వర్గాన్ని బట్టి ఉంటుంది. ఒకే వైరులో ఆంపియర్లు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. హైస్కూల్లో ఫిజిక్స్ చదువుతున్న పిల్లలుంటే ఈ లెక్క వాళ్ళ చేత చేయించండి.

ఇప్పుడు మన సూట్‌కేసుల్లో వచ్చిన ఎక్స్‌టెన్షన్ బాక్సు సంగతి చూద్దాం. ఏ పిన్ను అయినా పడుతుంది, మన గ్రైండరు ప్లగ్గూ దూరుతుంది, అందుకని ఎంతో ప్రేమగా తెచ్చుకుంటాం. వాటిల్లో చాలావాటి మీద 6 ఆంపియర్లు అని రాసి ఉంటుంది. అక్కడ ఆరు ఆంపియర్లంటే దాదాపు 1400 వాట్లు. ఇక్కడ అదే ఆరు ఆంపియర్లు 720 వాట్లే! దానికి హీటరు తగిలిస్తే దాని శక్తికి రెండింతల భారం మోపినట్టే. మరి బ్రేకరు పడిపోదా? పడిపోదు. బ్రేకరు 15 ఆంపియర్లది. అది గోడలో ఉన్న వైరును కాపాడటానికి ఉంది, మీరు తెచ్చిన బాక్సును కాపాడటానికి కాదు. పన్నెండున్నర ఆంపియర్లు దాని దృష్టిలో తప్పే కాదు. బాక్సు మాత్రం కార్పెట్ మీద కరుగుతూ ఉంటుంది.

అందుకని హీటరును నేరుగా గోడ ప్లగ్గులోనే పెట్టండి. అమెరికాలో కొన్న పవర్ స్ట్రిప్పయినా సరే, హీటరుకు పనికిరాదు. ఎక్కువసేపు నడిచే వస్తువులకు 15 ఆంపియర్ల లైనులో 12 దాటకూడదని కోడ్ లెక్క. అంటే ఒక్క హీటరే ఆ గీత దాటేస్తోంది. అదే లైను మీద రైస్ కుక్కరూ మైక్రోవేవూ పెడితే ఇక చెప్పేదేముంది?

బ్రేకరు మన కాపలాదారు

మన ఊళ్ళో ఫ్యూజు పదేపదే పోతుంటే ఏం చేసేవాళ్ళం? సన్నటి ఫ్యూజు తీగ తీసేసి, రాగి వైరు పోగులు నాలుగు మెలితిప్పి బిగించేవాళ్ళం. ఇక ఫ్యూజు పోదు, ఇల్లే పోవాలి! ఇక్కడ ఆ పనికి ఇంకో రూపం ఉంది. బ్రేకరు ఊరికే పడిపోతోందని 15 ఆంపియర్లది తీసి 20దో 30దో పెట్టించడం. 15 ఆంపియర్ల లైనులో సాధారణంగా ఉండేది 14 గేజి వైరు. 20 ఆంపియర్లు మోయాలంటే 12 గేజి కావాలి. గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావవుతుందని గుర్తుంచుకోండి. వైరు మార్చకుండా బ్రేకరు పెంచడమంటే దొంగ వచ్చినా మొరగవద్దని కుక్కకు నేర్పడమే.

రెండు ఊళ్ళు, ఒకే పాఠం

2022 జనవరి 9న న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ట్విన్ పార్క్స్ అనే 19 అంతస్తుల భవనంలో ఒక హీటరు నుంచి నిప్పు పుట్టింది. 17 మంది చనిపోయారు, వారిలో 8 మంది పిల్లలు. అక్కడున్న వారిలో చాలామంది ఆఫ్రికాలోని గాంబియా నుంచి మనలాగే బతుకుతెరువుకు వచ్చిన కుటుంబాల వాళ్ళు. మంటలు చాలావరకు ఒక అపార్ట్‌మెంటు, దాని ముందు వరండా దాటలేదు. ప్రాణాలు తీసింది పొగ. తనంతట తాను మూసుకోవలసిన తలుపు తెరిచే ఉండిపోవడంతో మెట్లదారి పొగగొట్టంలా మారిపోయింది.

2025 మే 18న హైదరాబాద్ చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత భవనం అంటుకుంది. కింద నగల దుకాణాలు, పైన కాపురాలు. అక్కడా 17 మందే, వారిలోనూ 8 మంది పిల్లలే. షార్ట్ సర్క్యూటే కారణమని ఫైర్ అధికారులు ప్రాథమికంగా చెప్పారు. అక్కడా ఊపిరి తీసింది పొగే. బయటపడటానికి ఉన్నది ఇరుకైన ఒకే మెట్లదారి.

ఖండాలు వేరు, భాషలు వేరు. పాఠం మాత్రం ఒకటే. కరెంటు నిప్పు రాజేస్తుంది, పొగ ప్రాణం తీస్తుంది, దారి లేకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఈ పాఠాన్ని మన బేస్‌మెంటుకు అన్వయించుకుందాం. నాలుగు డబ్బులు కలిసి వస్తాయని పర్మిట్ లేకుండా, లైసెన్సు లేని మనిషి చేత వైరింగు చేయించిన గదులు మన వాళ్ళ ఇళ్ళల్లో తక్కువేమీ కాదు. జాయింటు ఎక్కడ వేశాడో, డబ్బాలో వేశాడో లేదో, డ్రైవాల్ మూసేశాక ఎవరికీ తెలియదు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేది సరిగ్గా ఆ గోడ మూయకముందే. పర్మిట్ ఫీజు కడితే దొరికేది కాగితం కాదు, ఆ రెండో జత కళ్ళు. అలాంటి గదిలో, చలికి అలవాటులేని అమ్మానాన్నలు రాత్రంతా హీటరు పెట్టుకుని పడుకుంటారు. కాలిన వాసన వస్తే కూడా "పిల్లలు అలిసిపోయి పడుకున్నారు, పొద్దున చెబుదాంలే" అనుకునే మనుషులు వాళ్ళు. వాళ్ళు పడుకునే గదికి మెట్లు కాక బయటికి పోగల కిటికీ ఉందా? లోపల స్మోక్ అలారం ఉందా? అది పదేళ్ళు దాటిందా? దాటితే మోగినా మోగకపోయినా మార్చెయ్యండి. ఇంటి అడ్రసు తెలుగులో రాసి ఫోను పక్కన అంటించండి. 911కు ఎలా ఫోన్ చెయ్యాలో వాళ్ళు వచ్చిన మొదటి రోజే చెప్పండి. అసలు హీటరు రాత్రంతా నడపకుండా, పడుకునే ముందు గది వెచ్చబెట్టి ఆపేసి, మరో రెండు దుప్పట్లు ఇవ్వడం అన్నిటికన్నా మేలు.

పాత ఇల్లు కొంటున్నారా?

రాగి ధర పెరిగినప్పుడు, సుమారు 1965 నుంచి 1973 వరకు, అమెరికాలో ఎన్నో ఇళ్ళకు అల్యూమినియం వైర్లు వేశారు. అల్యూమినియం వేడికి ఎక్కువగా సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. దానితో స్క్రూల దగ్గర పట్టు వదులై, తుప్పు పొర చేరి, జాయింటు కాగుతుంది. 1972కు ముందు కట్టిన అల్యూమినియం వైరింగు ఇళ్ళల్లో జాయింట్లు నిప్పు అంటుకునే స్థితికి చేరే అవకాశం, రాగి వైరింగు ఇళ్ళకన్నా 55 రెట్లు ఎక్కువని ఫెడరల్ ప్రభుత్వపు కన్స్యూమర్ ప్రోడక్ట్ సేఫ్టీ కమిషన్ లెక్క. అలాంటి ఇల్లు కొనకూడదని కాదు. మొత్తం రాగి వైరు వేయించడమో, ప్రత్యేకమైన కనెక్టర్లతో ప్రతి జాయింటునూ బాగుచేయించడమో చెయ్యాలి. ఆ ఖర్చును ముందే బేరంలో పెట్టుకోవాలి. హోమ్ ఇన్‌స్పెక్షన్‌కు డబ్బు దండగ అనుకోవద్దు.

రెండు రక్షణలు ఉన్నాయేమో కూడా చూడండి. బర్కిలీలో ప్రొఫెసరుగా పనిచేసిన చార్లెస్ డాల్జియెల్ 1961లో కనిపెట్టిన జి.ఎఫ్.సి.ఐ. ఒకటి. బాత్‌రూములో, వంటింట్లో రెండు చిన్న బొత్తాలతో కనిపించే ప్లగ్గు అదే. కేవలం 5 మిల్లీ ఆంపియర్లు దారి తప్పినా కన్ను మూసి తెరిచేలోగా కరెంటు ఆపేస్తుంది. అది షాక్‌కు విరుగుడు. నిప్పుకు విరుగుడు ఎ.ఎఫ్.సి.ఐ. బ్రేకరు. వైరులో నిప్పురవ్వలు లేచే తీరును పసిగట్టి ఆపేస్తుంది. 2002 నుంచి కొత్త ఇళ్ళ బెడ్‌రూములకు కోడ్ దీన్ని తప్పనిసరి చేసింది. అంతకన్నా పాత ఇంట్లో అడిగి పెట్టించుకోవాలి.

ఇక వస్తువుల మీద యు.ఎల్. గుర్తు. 1893లో వివేకానందుల వారు ప్రసంగించిన సర్వమత సభ, చికాగో ప్రపంచ ప్రదర్శనకు అనుబంధంగా జరిగిందే. ఆ ప్రదర్శనలో వెలిగిన వేలాది విద్యుద్దీపాలు చూసి జనం మురిసిపోతుంటే, వాటితో ఎంత అగ్నిప్రమాదం పొంచి ఉందో లెక్కకట్టే పని విలియం మెరిల్ అనే యువ ఇంజనీరుకు పడింది. ఆయనే 1894లో ఈ పరీక్షా సంస్థను మొదలుపెట్టాడు. వస్తువు కొనేటప్పుడు ధర చూసే కంటితోనే ఆ గుర్తునూ చూడండి.

షాపులో, మోటెల్లో

1977 మే 28న కెంటకీలోని సౌత్‌గేట్‌లో బెవర్లీ హిల్స్ సప్పర్ క్లబ్ కాలిపోయి 165 మంది చనిపోయారు. నిప్పు కరెంటు వల్లే పుట్టిందని దర్యాప్తు చేసినవారు భావించారు. అల్యూమినియం వైరింగు మీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో వ్యాజ్యాలు నడిచాయి. అంటే ఇది ఇంటి సమస్య మాత్రమే కాదు. మోటెళ్ళు, గ్యాస్ స్టేషన్లు, రెస్టారెంట్లు నడిపే మన వాళ్ళు మూడు సంగతులు గమనించాలి. ఎక్స్‌టెన్షన్ తీగ తాత్కాలికమే, దాన్ని శాశ్వత వైరింగుగా వాడటం ఓషా నిబంధనలకు విరుద్ధం. బ్రేకరు పెట్టె ముందు మూడడుగుల జాగా ఖాళీగా ఉండాలి, అక్కడ బియ్యం మూటలు పేర్చకూడదు. వెనక తలుపుకు ఎప్పుడూ సరుకు అడ్డం ఉండకూడదు. అక్కడ పనిచేసే పిల్లలు వైరు తెగిందని చెబితే విసుక్కోకండి. పిల్లలూ, మీరూ చెప్పడానికి మొహమాటపడకండి. భద్రత గురించి ఫిర్యాదు చేసినవారి మీద కక్ష సాధించడం ఇక్కడ చట్టవిరుద్ధం.

మన సంఘం పండుగలకూ ఇదే వర్తిస్తుంది. స్టేజీ మీద సీరియల్ సెట్లు పట్టుచీరల తెరలకు తగలకూడదు. జనం నడిచే దారిలో, చాపల కింద తీగలు పరచకూడదు.

పిల్లలూ, ఇది మీ పని!

ఈ శనివారం అమ్మానో నాన్ననో వెంటబెట్టుకుని ఇల్లంతా తిరగండి. వేడిగా ఉన్న స్విచ్చి పలక, గోధుమరంగు మచ్చ పడిన ప్లగ్గు, జారిపోయే పిన్ను, బుయ్‌మనే చప్పుడు, మినుకుమినుకుమనే లైటు, ఏదో కాలుతున్న వాసన, వీటిలో ఏది కనిపించినా కాగితం మీద రాయండి. మీరు ముట్టుకోవద్దు, పెద్దవాళ్ళకు చూపించండి. బాత్‌రూము ప్లగ్గు మీద టెస్ట్ బొత్తాం పెద్దవాళ్ళ చేత నొక్కించి, కరెంటు ఆగిందో లేదో చూడండి. బ్రేకరు పెట్టెలో ఏ స్విచ్చి ఏ గదిదో మీ అందమైన చేతిరాతతో రాసిపెట్టండి. ఎవరికైనా షాక్ కొడితే వాళ్ళను పట్టుకుని లాగకూడదు, ముందు బ్రేకరు ఆపించాలి, 911కు ఫోన్ చెయ్యాలి. కరెంటు మంట మీద నీళ్ళు పొయ్యకూడదు. బయటికి పరుగెత్తేటప్పుడు వెనక తలుపు మూసెయ్యాలి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకొద్దు. మీ జాబితాలో ఒక్క మచ్చ దొరికినా లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవండి, మంచాలు వేసేలోపే బేస్‌మెంటును చూపించండి. వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. అందాకా సెలవు.