సీతమ్మ కొండకి సైకిలు సవారీ

ఏ.ఎస్. రావు నగర్ టీ బంకు దగ్గర మా వాళ్ళకిప్పుడు సినిమా కబుర్లు బంద్. అంతా శ్రీలంక గోలే! సైకిలు పందేలు చూసి పెరిగిన బాపతు గదా! జనవరిలో ప్రయాణం. ఆ కొండల్లో అప్పట్నుంచి మార్చి దాకా వానలు తక్కువ, ఎండ ఎక్కువ. నేనూ సై!

పేచీ దారి దగ్గరొచ్చింది. కాండీ నించి నువర ఎలియ ఎక్కేద్దామంటాడు మా బావమరిది. కాండీ ఇంచుమించు మన సికింద్రాబాదంత ఎత్తు. పైన 1,868 మీటర్లు. ఒక్క రోజులోనా నాయనా? నా ఓటు కితుల్‌గల దారికి. డేవిడ్ లీన్ 'ది బ్రిడ్జ్ ఆన్ ది రివర్ క్వాయ్' (1957) తీసిందక్కడే. కథేమో సయాం రైలు దారిది, ఏరు మాత్రం లంకలోని కెలనీ! (సినిమావాళ్ళా, మజాకా?) ఎక్కుడు ఇంకా ఎక్కువే గానీ, రాత్రికి హటన్‌లో ఆగొచ్చు. నువర ఎలియ దాటి కాస్త వెళ్తే సీతమ్మ గుడి, అశోకవనం అదేనంటారు.

అసలు చిక్కు అత్తయ్యగారు. మాఘంలో వీడి పెళ్ళి. "కాలు విరిగితే పీటల మీద నువ్వు కూచుంటావా అల్లుడూ?" అంటున్నారు. ఆవిడ భయం ఉత్తిది కాదు. ఎక్కేటప్పుడు ఆయాసమే, పడేది దిగేటప్పుడు. బ్రేకు అదేపనిగా నొక్కితే రిమ్ము కాలిపోతుంది. వదిలి వదిలి పట్టాలి. వీడికా ఓపిక తక్కువ.

ఆదివారం తెల్లారే కీసరగుట్ట మీంచి దింపి చూస్తాను. టిక్కెట్లు కొనేది ఆ తర్వాతే.