ఎత్తు వెనుక ఆలోచన

బేతంచెర్ల బండలు పరచిన అరుగులపై సుద్దముక్కతో గడులు గీసి పులిజూదం ఆడడం రాయలసీమవాసులకు కొత్త కాదు. మేకనొకదానిని పులికి అప్పగించడం ఎవరికైనా సాధ్యమే. అప్పగించిన పిదప పులిని ఎట్లా కట్టివేయాలో ఎరిగినవాడే ఆటగాడు.

చదరంగంలోనూ ఇదే నీతి. ఆరంభంలోనే ఒక బంటును ఎరగా చూపి, బదులుగా ఫలకం నడిమి గడులపై పట్టు సాధించే పద్ధతులలో క్వీన్స్ గాంబిట్ ఒకటి. 2025 జూలైలో జార్జియా దేశంలోని బటూమిలో జరిగిన మహిళల ప్రపంచ కప్పు తుదిపోరు తొలి ఆటలో దివ్యా దేశ్‌ముఖ్ దానిని ప్రయోగించగా, గుడివాడలో జన్మించిన కోనేరు హంపి ఆ బంటును స్వీకరించారు. దివ్యకు పైచేయి లభించినా, హంపి నిబ్బరంగా పోరాడి ఆటను సమం చేశారు. రెండవ ఆట కూడా సమమైంది. చివరకు టైబ్రేక్‌లో దివ్య విజేతగా నిలిచారు. పదునైన ఆరంభమే గెలుపును నిర్ణయించేదైతే తొలి ఆటలోనే ఫలితం తేలి ఉండేది.

ఆరంభపు ఎత్తులను నేడు కంప్యూటరు సాయంతో ఎవరైనా కంఠస్థం చేయవచ్చు. అది నిష్ప్రయోజనమని అనలేము. సాధన లేని సాహసం తొందరపాటే అవుతుంది. అయితే కంఠస్థమైన దారి ఎక్కడో ఒకచోట ముగుస్తుంది. ప్రత్యర్థి ఊహించని ఎత్తు వేసిన క్షణాన గడియారం ఆగదు, పుస్తకం పలకదు. అప్పుడు ఆదుకొనేది, ప్రతి ఎత్తునూ ఎందుకు వేయాలో ముందే ప్రశ్నించుకొన్న బుద్ధి మాత్రమే.

గైడులోని జవాబులను వల్లెవేసి పరీక్షకు వెళ్ళే విద్యార్థి పరిస్థితీ ఇంతే. ప్రశ్న కాస్త మారితే చాలు, జ్ఞాపకం చేతులెత్తేస్తుంది. జ్ఞాపకం ఆటను ఆరంభించగలదు; గట్టెక్కించేది అవగాహనయే.