అక్షరం తప్పితే వరుసంతా మళ్లీ!

ఎటాయిన్ ష్రద్లు... ఇదేం భాష అనుకుంటున్నారా? ఏ భాషా కాదు. ఒకప్పుడు ఇంగ్లిషు పత్రికల్లో వార్త మధ్యలో ఉన్నట్టుండి ఈ మాటలు కనిపించేవి. పాఠకులు తికమకపడేవారు. అచ్చుపని తెలిసినవాళ్లు మాత్రం నవ్వుకునేవారు, లైనోటైప్ ఆపరేటరు చెయ్యి తడబడిందని!

అంతకుముందు అన్నిచోట్లా చేతి కంపోజింగే. కేసులోంచి ఒక్కో సీసపు అక్షరాన్నీ ఏరి పేర్చాలి. అచ్చయ్యాక మళ్లీ దేని గడిలో దాన్ని వెయ్యాలి. గుణింతాలూ వత్తులతో మన తెలుగుకైతే ఆ గళ్లు వందల్లోనే! ఇంగ్లిషుకి ఆ బాధ తప్పించినవాడు ఆట్‌మార్ మెర్గెంథాలర్. జర్మనీలో గడియారాల పని నేర్చుకుని, 1872లో అమెరికా వెళ్లాడు. 1886 జులైలో ఆయన యంత్రం న్యూయార్క్ ట్రిబ్యూన్ పత్రికలో పని మొదలెట్టింది.

దానికి 90 మీటలు. మీట నొక్కితే చాలు... పైనున్న పెట్టెలోంచి ఆ అక్షరం తాలూకు ఇత్తడి అచ్చు జారి వరుసలో నిలబడుతుంది. వరుస నిండగానే, దాదాపు 285 డిగ్రీల వేడిలో కరిగిన సీసం, తగరం, యాంటిమొనీల మిశ్రమం ఆ అచ్చుల్లోకి దూకుతుంది. క్షణాల్లో వరుసంతా ఒకే కడ్డీ! ఆ తర్వాతది ఇంకా ముచ్చటైన పని. ఒక్కో అక్షరపు అచ్చుకి పళ్ల వరుస ఒక్కోరకం. తాళానికి తగ్గ తాళంచెవిలా, పైకెళ్లిన అచ్చులన్నీ తమ గడి దగ్గరికి రాగానే వాటంతటవే పడిపోతాయి. గడియారాల బుర్ర మరి!

చిక్కల్లా పొరపాటుతోనే. కడ్డీలోంచి ఒక్క అక్షరాన్ని పీకలేం కదా. వరుసంతా మళ్లీ పోత పోయాల్సిందే. తప్పు నొక్కానని తెలియగానే ఆపరేటరు మిగతా జాగా నింపేయడానికి ఎడమవైపు మీటల మీద పైనుంచి కిందికి వేళ్లు జార్చేవాడు. ఎక్కువ వాడే అక్షరాలు ముందుండేలా అమర్చారు కాబట్టి మొదటి నిలువు వరుస ఎటాయిన్, రెండోది ష్రద్లు. ఆ కడ్డీని తర్వాత తీసిపారేయాలి. ఎవరూ చూసుకోలేదా... తెల్లారి పేపర్లో ప్రత్యక్షం!

న్యూయార్క్ టైమ్స్‌లో ఈ యంత్రాలపై తయారైన ఆఖరి సంచిక 1978 జులై 2, ఆదివారానిది. మర్నాటి నుంచి కంప్యూటర్లు. ముద్రణ కార్మికుల ఉద్యోగాలకి 1974 నాటి ఒప్పందం హామీ ఇచ్చింది. కానీ కొత్త కీబోర్డు మీద అక్షరాలున్నది టైప్‌రైటర్ వరుసలో. దశాబ్దాలుగా చూడకుండా పరిగెత్తిన వేళ్లు, ఏ అక్షరం ఎక్కడుందో మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ ఆఖరి రాత్రిని డాక్యుమెంటరీగా తీశారు. పేరు... 'ఫేర్‌వెల్, ఎటాయిన్ ష్రద్లు'.