బుర్ర, గుమ్మెట, ఒక మనిషి గొంతు



మన వైపు పల్లెలలో ధర్మరాజుల గుడి ముందు భారతం పెడితే, పగలు హరికథ, రాత్రి నాటకం ఉంటాయి గదా! అలాగే ఊరంతటినీ ఒకచోట కూర్చోబెట్టే కళ ఇంకొకటి ఉన్నది. అదే బుర్రకథ. దానికి గొప్ప పేరు తెచ్చిన షేక్ నాజర్ గారిని గురించి ఈ నెల చెప్పుకుందాం.

నాజర్ 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక పేద కుటుంబంలో పుట్టారు. వారిది దూది ఏకే పింజారి కులం. ఆయన జీవితకథ పుస్తకం పేరు కూడా ‘పింజారి’యే.

బుర్రకథకు కావలసిన సామాను చాలా తక్కువ. మనుషులు ముగ్గురు. నడుమ నిలిచే కథకుని భుజం మీద తంబురా, చేతి వేలికి అందెలు. ఇరుప్రక్కల నిలిచే వంతల చేతుల్లో గుమ్మెటలు. కథకుడు పాడగానే వంతలు ‘తందాన తాన’ అని అందుకుంటారు. ఒక వంత నవ్విస్తాడు. మరొక వంత నేటి లోకం సంగతులు ఎత్తుకుంటాడు.

తంబురా తీగ అంత సన్నగా ఉంటుంది గదా, దానికి ఆ నాదం ఎలా వస్తుంది? చిన్న ప్రయోగం చేయండి. ఒక రబ్బరు బ్యాండును రెండు వేళ్ల నడుమ సాగదీసి మీటండి. చప్పుడు వినీ వినపడనట్లుంటుంది. దానినే మూత లేని డబ్బాకు అడ్డంగా తొడిగి మీటండి. ఇప్పుడు బాగా వినపడుతుంది. సన్నని తీగ తానుగా కదిలించగలిగే గాలి కొంచెమే. దాని కంపనం డబ్బాకు, లోపలి గాలికి అందితే ఎక్కువ గాలి కదులుతుంది. తంబురా బుర్ర చేసే పని ఇదే. ఇక గుమ్మెటను కాల్చిన మట్టితో చేస్తారు. ఒక మూతికి చర్మం బిగిస్తారు. రెండవ మూతిని అరచేత్తో మూస్తూ తెరుస్తూ వాయిస్తే నాదం మారుతూ ఉంటుంది.

సామాను ఇంత తేలిక గనుక, తెరలూ రంగస్థలమూ లేని ఊరికి కూడా బుర్రకథ నడిచిపోగలదు. నాజర్‌కు కావలసినది అదే. ఆయన ప్రజానాట్యమండలిలో పనిచేశారు. 1943లో బెంగాలులో ఘోరమైన కరువు వచ్చింది. యుద్ధం వల్ల బర్మా బియ్యం ఆగిపోయింది. ధరలు పేదలకు అందనంత పెరిగాయి. ఆకలితో, రోగాలతో 20 నుంచి 30 లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ కరువును నాజర్ బుర్రకథగా కట్టారు. పత్రిక చదవలేని కూలివానికి కూడా ఎక్కడో ఉన్న బెంగాలు తల్లుల గోడు వినపడింది. పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు కూడా ఆయన చెప్పేవారు.

ఈ కళ అంటే పాలకులకు భయం పట్టుకుంది. మద్రాసులో బ్రిటిషు ప్రభుత్వం, హైదరాబాదులో నిజాం ప్రభుత్వం బుర్రకథను నిషేధించాయి. కథకుల చేతిలో తుపాకి లేదు, కత్తి లేదు. ఉన్నవి ఒక తంబురా, రెండు మట్టి గుమ్మెటలు. మరి భయమెందుకు? తమ కష్టానికి కారణమేమిటో తెలిసిన జనం ఊరికే కూర్చోరు గనుక.

ఆ రోజుల్లోనే అమెరికాలో వూడీ గత్రీ (1912–1967) అనే ఆయన కూడా ఇదే పని చేశాడు. దుమ్ము తుపానులకు పొలాలు పోగొట్టుకొని వలసపోయిన రైతుల బాధను సొంతంగా పాటలు కట్టి, మామూలు గిటారు మీద పాడాడు. నేడు అటువంటి జానపద బాణీకి ‘పంక్’ అనే దూకుడు సంగీతాన్ని కలిపి పాడేవారున్నారు. దానిని ఫోక్ పంక్ అంటారు. పేరు కొత్తదే గాని, పని పాతదే.

నాజర్ బృందం బుర్రకథ 1954లో ‘అగ్గిరాముడు’ సినిమాకు కూడా ఎక్కింది. ఒకనాటి పాలకులు నిషేధించిన కళకు స్వతంత్ర భారత ప్రభుత్వం 1986లో పద్మశ్రీ ఇచ్చింది. నాజర్ 1997లో కన్నుమూశారు.

ఇక మీకొక పని. టమేటా ధర పడిపోయి, కోత కూలి కూడా గిట్టక, పంటను తోటలోనే వదిలేసిన రైతును మీరు చూసే ఉంటారు. ఆయన దగ్గర కూర్చొని సంగతంతా అడగండి. ఆయన మాటల్లోనే నాలుగు చరణాలు కట్టండి. బాణీ కావాలంటే ఇంట్లో అవ్వను అడగండి. వాయించడానికి డబ్బా ఎలాగూ ఉన్నది. ముందుగా ఆ రైతుకే పాడి వినిపించండి. “అవును, ఇది నా సంగతే” అని ఆయన అంటే, మీ పాట కుదిరినట్లే!